ర్యాలీ కారు ఇంజిన్ బలం 34 మిల్లీమీటర్ల రంధ్రంలో ఉంది

పోయిన సంక్రాంతికి మా చిన్నాన్న కొడుకు ఊరికి వచ్చి, తన టర్బో పెట్రోల్ కారును ఇంటి ముందు ఆపి, ఒక్కసారి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి వదిలాడు. సైలెన్సర్‌లోంచి టపటపమని పేలుళ్లు. మా నాన్న కంగారుగా బయటికి వచ్చి కారుకి ఏమైందిరా అని అడిగితే, "ఏం కాలేదు పెదనాన్నా, ర్యాలీ కారు సెట్టింగ్ చేయించాను" అన్నాడు. ఆ రాత్రి భోజనాలయ్యాక డాబా మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నాం. ర్యాలీ కార్లు 800 హార్స్‌పవర్ ఇస్తాయని, ఆ పేలుళ్ల వల్లే అంత బలం వస్తుందని, టర్బో ఉంది కాబట్టి కొండల మీద కూడా వాటికి బలం తగ్గదని, 1980ల నాటి గ్రూప్ బి తరగతి ర్యాలీ కార్లయితే ఫార్ములా 1 కార్లతో సమానంగా పరిగెత్తేవని వాడు గట్టిగా నమ్ముతున్నాడు. వాడి వయసులో నేనూ ఇవన్నీ నమ్మినవాడినే. కానీ ఒక్కో మాటనూ విప్పి చూస్తే అన్నీ ఒకే ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతాయి: ఆ ఇంజిన్‌లోకి గాలి ఎంత వెళ్తోంది?

పెట్రోల్ ఇంజిన్‌లో పెట్రోల్ ఎక్కువ పోయడం పెద్ద పని కాదు, ఇంజెక్టర్ పెద్దది పెడితే సరిపోతుంది. కష్టమంతా దాన్ని మండించడానికి సరిపడా గాలిని లోపలికి తేవడంలో ఉంది. టర్బో చేసే పని అదే. ఎగ్జాస్ట్ వాయువులతో తిరిగే చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది, అది బయటి గాలిని నొక్కి లోపలికి తోస్తుంది. ఎంత ఎక్కువ నొక్కితే అంత బలం. అందుకే ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ నిబంధనలు రాసేవాళ్లు టర్బో ముందు, గాలి లోపలికి వచ్చే దారిలో, ఒక ఇరుకు రింగు పెట్టించారు. దాన్నే రెస్ట్రిక్టర్ అంటారు. 1995 నుంచి చాలా ఏళ్ల పాటు దాని వ్యాసం 34 మిల్లీమీటర్లు. ఇంజిన్ తాగే ప్రతి చుక్క గాలీ ఆ గొంతులోంచే వెళ్లాలి. వేరే దారి లేదు.

రంధ్రం చిన్నదైతే టర్బోను ఇంకా గట్టిగా తిప్పి ఎక్కువ గాలి లాగొచ్చు కదా అని మావాడు అడిగాడు. సరైన ప్రశ్నే. అసలు కిటుకు అక్కడే ఉంది. టర్బో గట్టిగా లాగేకొద్దీ ఆ గొంతులో గాలి వేగం పెరుగుతూ పోతుంది, కానీ అది ధ్వని వేగాన్ని అందుకున్నాక అవతల ఎంత పీల్చినా ఇంకొంచెం గాలి కూడా ఎక్కువ రాదు. ఎందుకంటే అవతల పీడనం తగ్గిందన్న సంగతి ఇవతలి గాలికి చేరాలంటే అది కూడా ధ్వని వేగంతోనే ఎదురు రావాలి, అక్కడ గాలే అంత వేగంగా వెళ్తుంటే ఆ కబురు వెనక్కి ఎక్కలేదు. డబ్బున్న కంపెనీ అయినా, తెలివైన ఇంజనీర్ అయినా ఈ గీత దాటలేరు. కాగితం మీద "300 హార్స్‌పవర్ దాటకూడదు" అని రాస్తే దాన్ని తనిఖీ చేయడానికి కారును బలం కొలిచే డైనో యంత్రం మీదికి ఎక్కించాలి, రంధ్రాన్ని కొలవడానికి ఒక చిన్న గేజ్ చాలు.

లెక్క కట్టి చూద్దాం, పెద్ద కష్టం కాదు. సముద్రమట్టం దగ్గర 34 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి సెకనుకు ఎక్కువలో ఎక్కువ 200 గ్రాముల పైచిలుకు గాలి వెళ్తుంది. గరిష్ఠ బలం కోసం ఒక గ్రాము పెట్రోల్‌కు దాదాపు పన్నెండున్నర గ్రాముల గాలి కావాలి, అంటే సెకనుకు 16, 17 గ్రాముల పెట్రోల్. గ్రాము పెట్రోల్‌లో దాదాపు 43 కిలోజౌళ్ల శక్తి ఉంటుంది. అంతా కలిపితే 700 కిలోవాట్లు దాటుతుంది గానీ, అందులో మూడో వంతు మాత్రమే చక్రాలను తిప్పే పనికి వస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. చివరికి మిగిలేది సుమారు 240 కిలోవాట్లు, అంటే 320 హార్స్‌పవర్ చుట్టుపక్కల. ఆ కాలంలో రెండు లీటర్ల ఇంజిన్ల గురించి అధికారికంగా 300 అని చెప్పేవారు, వాస్తవం అంతకు కాస్త పైనే ఉండేది. 800 మాత్రం ఎక్కడా లేదు. ఉండే అవకాశమే లేదు.

ఈ రంధ్రం విలువ ఎంతో అర్థం కావాలంటే 1995లో టొయోటా చేసిన మోసం చూడాలి. సెలికా జీటీ-ఫోర్ కార్లలో రెస్ట్రిక్టర్‌ను వాళ్లు ఎంత నేర్పుగా అమర్చారంటే, తనిఖీ కోసం గొట్టం విప్పితే అది చక్కగా నిబంధనల ప్రకారమే కూర్చుని ఉండేది. కానీ ప్రత్యేకమైన పనిముట్టుతో గొట్టం క్లాంపు బిగించినప్పుడు రెస్ట్రిక్టర్ అయిదు మిల్లీమీటర్లు జరిగి, దాని పక్క నుంచి గాలికి దొంగదారి తెరుచుకునేది. మళ్లీ విప్పుతుంటే లోపలి స్ప్రింగులు దాన్ని యథాస్థానానికి నెట్టేసేవి. ఆ దారి వల్ల దాదాపు 25 శాతం ఎక్కువ గాలి, 50 హార్స్‌పవర్ దాకా అదనపు బలం వచ్చేదని అంచనా. స్పెయిన్‌లోని కాటలోనియా ర్యాలీలో అది బయటపడింది. టొయోటాను ఆ ఏడాది పాయింట్ల పట్టిక నుంచి తీసేసి 12 నెలలు నిషేధించారు. ప్రపంచ మోటార్ స్పోర్ట్‌ను నడిపే ఎఫ్ఐఏ సంస్థకు అప్పటి అధ్యక్షుడు మాక్స్ మోస్లీ అంతటివాడే అంత తెలివైన పరికరాన్ని మోటార్ స్పోర్ట్‌లో తాను చూడలేదని ఒప్పుకున్నాడు. అంత పెద్ద సంస్థ పరువు పణంగా పెట్టింది పిస్టన్ల కోసమో రహస్య ఇంధనం కోసమో కాదు, కాస్త గాలి కోసం.

ఇప్పుడు టార్క్, అంటే ఇంజిన్ షాఫ్టును మెలితిప్పే శక్తి, సంగతికి వస్తాను, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది. "320 హార్స్‌పవరేనా? ఇప్పుడు డబ్బు పెడితే షోరూమ్‌లో అంతకంటే బలమైన కార్లు దొరుకుతున్నాయి కదా" అని మావాడు నిరాశపడిపోయాడు. నిజమే, దొరుకుతున్నాయి. కానీ గరిష్ఠ హార్స్‌పవర్ అనేది ఒక్క ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర కనిపించే అంకె. ర్యాలీ డ్రైవర్‌కు కావలసింది ఏ మలుపులోంచి, ఏ గేరులో బయటికి వచ్చినా కాలు పెట్టగానే దొరికే బలం. రంధ్రం బలానికి ఒక పైకప్పు వేసేసింది కాబట్టి ఇంజనీర్లు ఆ కప్పును వీలైనంత కింది ఆర్పీఎం దగ్గరే తాకాలని చూశారు. ఆ రెండు లీటర్ల ఇంజిన్లు 600 న్యూటన్ మీటర్ల దాకా టార్క్ ఇచ్చేవి. 3,500 ఆర్పీఎం దగ్గర 600 న్యూటన్ మీటర్లంటే లెక్క ప్రకారం దాదాపు 300 హార్స్‌పవర్! అంటే మామూలు కారులో ఇంజిన్ గోల పెట్టే దాకా ఆగితే గానీ రాని బలం ఇక్కడ 3,500 దగ్గరే వచ్చేసి, అక్కడి నుంచి పై దాకా దాదాపు సమంగా ఉండిపోతుంది. గాలి కోటా నిండిపోయాక ఆర్పీఎం పెంచినా లాభం లేదు, టార్క్ పడిపోతుంది, బలం అక్కడే ఉంటుంది.

ర్యాలీ ఇంజిన్ అంటే ఫార్ములా 1లా చెవులు చిల్లులు పడేలా కీచుమనాలి అనుకోవడం అందుకే పొరపాటు. కీచుమనే ర్యాలీ కార్లు లేవని కాదు. టర్బో లేని కార్లకు ఆ మార్గం ఒక్కటే. 1999లో ఫిలిప్ బుగాల్‌స్కీ ముందు చక్రాలతో మాత్రమే నడిచే, టర్బో లేని సిట్రోయెన్ క్సారా కిట్ కారుతో కాటలోనియా, కోర్సికా ర్యాలీలు రెండూ గెలిచి, నాలుగు చక్రాలకూ బలం అందే టర్బో కార్లను వెనక్కి నెట్టేశాడు. తారు రోడ్డు, తేలికైన బండి, పై ఆర్పీఎంలో పాడే ఇంజిన్, ఈ మూడూ కలిసొచ్చాయి. మన గౌరవ్ గిల్ ఈ రెండు రకాలూ నడిపి గెలిచినవాడు. 2013లో ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిల్ తెచ్చిన ఫాబియా ఎస్2000లో టర్బో లేని రెండు లీటర్ల ఇంజిన్ ఉండేది, దాన్ని 8,500 ఆర్పీఎం దాకా తిప్పాలి. 2016, 2017లో అదే టైటిల్ తెచ్చిన ఫాబియా ఆర్5లో ఉన్నది 1.6 లీటర్ల టర్బో, 32 మిల్లీమీటర్ల రెస్ట్రిక్టర్. పేరు ఒకటే అయినా కాలితో మాట్లాడాల్సిన భాష పూర్తిగా వేరు. 2019లో అర్జున అవార్డు అందుకున్న తొలి మోటార్ స్పోర్ట్ క్రీడాకారుడు ఆయన, మన దేశంలో ఈ ఆటను ఇష్టపడేవాళ్లు ఆయన పేరు ఇంకా ఎక్కువ తలుచుకోవాలని నా కోరిక.

కొండల విషయం కూడా ఈ రంధ్రంతోనే తేలిపోతుంది. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి లేహ్ దాకా డ్రైవ్ చేసుకుంటూ వెళ్లొచ్చినవాళ్లు టర్బో కారయితే ఎత్తులో ఇబ్బంది తక్కువని చెబుతారు. అది వాళ్ల అనుభవం, అబద్ధం కాదు. ఎత్తు పెరిగి గాలి పలచబడితే మామూలు కారులోని టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటును చాలావరకు పూడ్చేస్తుంది. ర్యాలీ కారులో ఆ సౌకర్యం లేదు. రంధ్రం టర్బోకు ముందు ఉంది, ఆ గొంతులో గాలి అప్పటికే ధ్వని వేగంతో పోతోంది. అందులోంచి సెకనుకు ఎన్ని గ్రాములు వెళ్తాయన్నది బయటి గాలి ఎంత చిక్కగా ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది. మెక్సికో ర్యాలీలో స్టేజీలు, అంటే సమయం లెక్కగట్టే రోడ్డు ముక్కలు, 2,700 మీటర్ల ఎత్తు దాకా ఎక్కేవి. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు 73 శాతమే. ఇంజిన్ బలంలో అయిదో వంతు, ఒక్కోచోట నాలుగో వంతు ఆవిరైపోయేది. డ్రైవర్ తప్పు చేసి వేగం పోగొట్టుకుంటే దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి చేతిలో బలం ఉండేది కాదు. అందుకే మెక్సికోలో ఒక్క మలుపు చెడినా దాని ఖరీదు చాలా దూరం వెంటాడేది.

సరే, పేలుళ్లు. మావాడి కారు దగ్గర మొదలైంది కాబట్టి దీన్ని కాస్త నిదానంగా చెప్పాలి. టర్బోతో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, మలుపు ముందు డ్రైవర్ కాలు తీయగానే ఎగ్జాస్ట్ ప్రవాహం తగ్గి టర్బో నెమ్మదిస్తుంది. మళ్లీ కాలు పెట్టినప్పుడు అది వేగం పుంజుకునే దాకా ఇంజిన్ మూగగా ఉంటుంది. ఆ ఆలస్యాన్నే లాగ్ అంటారు. మట్టి రోడ్డు మీద కారును యాక్సిలరేటర్‌తోనే తిప్పుకునే డ్రైవర్‌కు ఆ అర సెకను చాలా పెద్దది. దీనికి కనిపెట్టిన ఉపాయం యాంటీ లాగ్. డ్రైవర్ కాలు తీసినా ఇంజిన్‌లోకి గాలి వెళ్తూనే ఉంటుంది, లేదా ప్రత్యేకమైన వాల్వు ద్వారా తాజా గాలి నేరుగా ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి చేరుతుంది. పెట్రోల్ కూడా కొంత వెళ్తుంది. స్పార్క్‌ను బాగా ఆలస్యం చేస్తారు. దాంతో మంట సిలిండర్‌లో పూర్తికాకుండా మానిఫోల్డ్‌లో, అంటే టర్బో చక్రానికి సరిగ్గా ముందు రగులుతుంది. ఆ ఉబ్బిన వేడి వాయువు టర్బోను తిప్పుతూనే ఉంచుతుంది. డ్రైవర్ మళ్లీ కాలు పెట్టగానే ఒత్తిడి సిద్ధంగా ఉంటుంది. మనకు వినిపించే పేలుడు ఆ పని జరుగుతుండగా బయటికొచ్చే చప్పుడు మాత్రమే. దాని వల్ల గరిష్ఠ బలం ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు, రంధ్రం రంధ్రమే. పెరిగేది బలం అందే వేగం.

దీనికి కట్టే మూల్యం కూడా తక్కువేమీ కాదు. మానిఫోల్డ్, టర్బైన్ ఎర్రగా కాలిపోతాయి, అందుకే వాటిని ఆ వేడిని తట్టుకునే ఖరీదైన మిశ్రమ లోహాలతో చేస్తారు. కాలు తీసినా ఇంజిన్ కారును ముందుకు తోస్తూనే ఉంటుంది కాబట్టి ఇంజిన్ బ్రేకింగ్ పెద్దగా ఉండదు, డ్రైవర్ ఆ తేడాను బ్రేకుతో సర్దుకోవాలి. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి మామూలు రోడ్డు మీద వెళ్లేటప్పుడు యాంటీ లాగ్‌ను ఆపేస్తారు. ర్యాలీ కార్లు మామూలు రోడ్లు ఎక్కవు అనుకునేవాళ్లు కూడా ఉన్నారు గానీ, అవి నంబరు ప్లేటుతో, సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, స్పీడ్ లిమిట్ పాటిస్తూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తాయి. దాటితే జరిమానా కూడా పడుతుంది.

మరి మన వీధుల్లో వినిపించే పేలుళ్లు? ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, రీమ్యాప్ చేసి, కాలు తీసినప్పుడు ఇంధనం ఆపకుండా స్పార్క్ ఆలస్యం చేస్తే ఎవరి కారైనా టపటపమంటుంది. కానీ ఆ మంట ఎక్కువగా టర్బో దాటిపోయాక, ఎగ్జాస్ట్ గొట్టంలోనో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ దగ్గరో రేగుతుంది. టర్బోకు దాని వల్ల ఒరిగేదేమీ లేదు. కన్వర్టర్ లోపల తేనెపట్టులా ఉండే పింగాణీ గడులు ఆ వేడికి కరిగి, పగిలి, ముక్కలై గొట్టానికే అడ్డం పడతాయి. అప్పుడు ఎగ్జాస్ట్ బయటికి పోవడానికి దారి ఇరుకై ఉన్న బలం కూడా తగ్గుతుంది. ర్యాలీ ఇంజనీర్ ఒక లోపాన్ని సరిచేయడానికి తప్పనిసరై భరించిన చప్పుడును మనం డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం, అవతల నిద్రపోయే పసిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారు. నాకు ఈ విషయంలో నిజంగా బాధ ఉంది.

గ్రూప్ బి గురించి మాట్లాడేటప్పుడు చాలామంది గొంతులో భక్తి వినిపిస్తుంది. నాకూ ఆ కార్లంటే ప్రాణం. 1982 నుంచి 1986 దాకా నడిచిన ఆ కాలంలో రెస్ట్రిక్టర్ లేదు. ఉన్న అడ్డు ఇంకో రకం: టర్బో ఇంజిన్ అయితే దాని సీసీని 1.4తో గుణించి ఏ తరగతిలోకి వస్తుందో చూసేవారు, తరగతిని బట్టి కనీస బరువు ఉండేది. లాన్సియా డెల్టా ఎస్4 ఇంజిన్ 1,759 సీసీ అనే వింత అంకె దగ్గర ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమవుతుంది. 1.4తో గుణిస్తే 2,463 వస్తుంది, అంటే 2,500 లోపు తరగతి, అక్కడ కనీస బరువు 890 కిలోలే. పెజో 205 టీ16 ఇంజిన్ 1,775 సీసీ కావడానికీ అదే కారణం. కింది ఆర్పీఎంలో లాగ్ పోవడానికి లాన్సియావాళ్లు అదే ఇంజిన్‌కు సూపర్‌చార్జర్ (ఇంజినే నేరుగా తిప్పే గాలి పంపు), టర్బో రెండూ బిగించారు. యాంటీ లాగ్ పరిణతి చెందక ముందు దొరికిన జవాబు అది.

ఆ కార్ల బలం 1,000 హార్స్‌పవర్ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆడీ స్పోర్ట్ క్వాట్రో ఎస్1 ఈ2కు కంపెనీ చెప్పినది 476, డెల్టా ఎస్4 ర్యాలీల్లో నడిచింది 500 అటూ ఇటూ బలంతో. 900 కిలోల చిల్లర బరువున్న కారుకు, ఆ నాటి టైర్లకు, మట్టి రోడ్డుకు అదే భయంకరమైన బలం. ఇంకో కథ ఏమిటంటే లాన్సియా డ్రైవర్ హెన్రీ తోయివోనెన్ పోర్చుగల్‌లోని ఎస్తోరిల్ ట్రాక్ మీద డెల్టా ఎస్4ను తిప్పితే, ఆ సమయం 1986 ఫార్ములా 1 పోర్చుగీస్ గ్రాండ్ ప్రి గ్రిడ్‌లో ఆరో స్థానానికి సరిపోయేదని. ఆ సమయం రాసి ఉన్న అధికారిక కాగితం ఏదీ బయటికి రాలేదు. పైగా ఆ గ్రాండ్ ప్రి సెప్టెంబర్‌లో జరిగింది, తోయివోనెన్ అప్పటికి మన మధ్య లేడు. ఆ ఏడాది క్వాలిఫయింగ్‌లో ఫార్ములా 1 టర్బో ఇంజిన్లు 1,000 హార్స్‌పవర్ దాటేవి, ఆ కార్లకు రెక్కల ఒత్తిడి, వెడల్పాటి మెత్తటి టైర్లు కూడా ఉండేవి. దానిలో సగం బలంతో, మట్టి రోడ్డు కోసం పొట్టి గేర్లు వేసిన కారు వాటి పక్కన నిలబడటం ఎలా సాధ్యం? ఆ మార్చిలో పోర్చుగల్ ర్యాలీలో ఒక కారు జనంలోకి దూసుకెళ్లి ముగ్గురు ప్రేక్షకులు చనిపోయారు. మే 2న కోర్సికాలో తోయివోనెన్, కోడ్రైవర్ సెర్జియో క్రెస్టో కారుతో పాటు కాలిపోయారు. ఆ ఏడాది చివరితో గ్రూప్ బి ముగిసింది. ఆ కార్ల గొప్పతనం చెప్పడానికి లేని అంకెలు అక్కర్లేదు, ఉన్నవే ప్రాణాలు తీసేంత పెద్దవి.

ఇక చిన్నచిన్నవి కొన్ని. ర్యాలీ కార్లు విమాన ఇంధనంతో నడుస్తాయన్నది తప్పు. ఎవరికి నచ్చింది వాళ్లు పోసుకోవడానికి వీల్లేదు, నిర్ణయించిన ఇంధనమే వాడాలి. 2022 నుంచి ప్రధాన తరగతిలో శిలాజ ఇంధనమే లేదు. "మన షోరూమ్ కారు ఇంజినే అందులోనూ" అన్నది ఒకప్పుడు దాదాపు నిజం, ఎందుకంటే గ్రూప్ బి పోయాక నడిచిన గ్రూప్ ఎ కాలంలో కారును మొదట 5,000, 1993 నుంచి 2,500 తయారుచేసి అమ్మితే గానీ ర్యాలీకి ఒప్పుకునేవారు కాదు. సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ లాంటివి అలా జనం చేతికి వచ్చినవే. 2011లో 1.6 లీటర్ల నిబంధన వచ్చాక పోటీ కోసమే మొదటి నుంచి గీసి చేసిన ఇంజిన్లకు దారి దొరికింది.

2022లో వచ్చిన హైబ్రిడ్ కార్లను 500 హార్స్‌పవర్ కార్లన్నారు. అందులోనూ సగమే నిజం. ఎలక్ట్రిక్ మోటారు ఇచ్చే 100 కిలోవాట్లు ఎప్పుడూ అందుబాటులో ఉండేవి కావు, బ్రేకు వేసి తగినంత శక్తి వెనక్కి దాచుకుంటేనే కాసేపు దొరికేవి. 2025లో ఆ హైబ్రిడ్ వ్యవస్థను తీసేశారు. కారు కనీస బరువు 1,260 నుంచి 1,180 కిలోలకు తగ్గింది. బరువు తగ్గిన కారు మరీ వేగంగా పోకుండా ఏం చేశారో ఊహించగలరా? రెస్ట్రిక్టర్ మార్చారు. 2011లో 33 మిల్లీమీటర్లు ఉన్నది 2017లో 36 అయింది, ఆ మూడు మిల్లీమీటర్లతో వైశాల్యం 19 శాతం పెరిగి, ఇంజిన్ 300 ప్రాంతం నుంచి 380 ప్రాంతానికి వెళ్లింది, మిగతా తేడా అదే గాలిలోంచి ఇంకా ఎక్కువ పిండుకోవడం వల్ల వచ్చింది. 2025లో దాన్ని 35 చేశారు. ఒక్క మిల్లీమీటరుతో అయిదున్నర శాతం వైశాల్యం పోయింది.

డాబా మీద ఫోన్‌లో కాలిక్యులేటర్ తీసి ఆ అయిదున్నర శాతం మావాడే లెక్కకట్టాడు. తర్వాత తన కారు గాలి గొట్టం వ్యాసం ఎంత ఉంటుందని అడిగాడు, కొలిచి చూద్దామన్నాను. మర్నాడు పొద్దున్నే టేపు పట్టుకుని బానెట్ ఎత్తాడు. తిరుగు ప్రయాణానికి ముందు ఆ పేలుళ్ల మ్యాప్ తీయించేస్తానన్నాడు, ఉగాదికి వచ్చినప్పుడు కారు నిశ్శబ్దంగా గేటు లోపలికి వచ్చింది.